‘ఎప్పుడూ’ అనే మాట ఎక్కడ కూర్చోవాలి

కెల్ప్ బే, టాస్మేనియా
ఫిబ్రవరి, 1963

థోరా,

నీ ఉత్తరం అందింది. ఆ ఎండల్లో, ఆ దుమ్ములో బారు నడపడం నీకే చెల్లింది తల్లీ. ఇక్కడ వేసవి అన్న పేరే గానీ, సాయంత్రమయ్యేసరికి స్వెట్టరు వెతుక్కోవాల్సిందే.

బడిలో పాఠాలు చెప్పడం మానేశాక ఏం చేస్తున్నావని అడిగావు. ఏమీ చేయకుండా హాయిగా ఉందామనే అనుకున్నాను. మా పాస్టరు ఉండనిస్తేనా! "ఎల్వీనా గారూ, ఈ వలస వచ్చినవాళ్ళకి మీరు నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పితే చాలు" అని వెంటపడ్డాడు. గురువారం సాయంత్రాలు చర్చి హాల్లో క్లాసు పెట్టాను. బంగాళాదుంపలు పండించే ఇటాలియన్ మొగుడూ పెళ్ళాలు వస్తారు. ఆసుపత్రి బట్టలు ఉతికే పోలండ్ ఆవిడ వస్తుంది. ఇంకా ఒక డచ్ వడ్రంగి, పేరు హార్మెన్ వేన్‌స్ట్రా. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఎదిగిన కొడుకులిద్దర్నీ వెంటేసుకుని ఇళ్ళు కడతాడు. సండే స్కూలు పిల్లల కుర్చీలు తప్ప మా హాల్లో వేరేవి లేవు. ఆ ఎత్తు మనిషి వాటిలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుంటాడు, అదీ ముందు వరసలో.

మాటలకు కొదవలేదు అతనికి. ఈ దేశం వచ్చి పదేళ్ళు దాటింది. కానీ ఏ మాటా ఉండాల్సిన చోట ఉండదు. "టీ తాగుతారా?" అంటే "తాగుతాను నేను ఎప్పుడూ టీ" అంటాడు. "బీరు?" అంటే "తాగుతాను నేను అప్పుడప్పుడూ బీరు."

సరే, బోర్డు మీద రాశాను. ఆల్వేస్, నెవర్, ఆఫెన్ లాంటి చిన్న మాటలు క్రియకి ముందు కూర్చోవాలి. ‘ఐ ఆల్వేస్ డ్రింక్ టీ.’ అందరూ ఒప్పుకున్నారు. అతను చెయ్యెత్తాడు.

"టీచర్, మరి ‘ఐ యామ్ ఆల్వేస్ హంగ్రీ’ అంటారు మీరు. అక్కడ వెనక కూర్చుంది ఎందుకు?"

"‘యామ్’ ఉంటే వెనకే కూర్చోవాలి."

"ఎందుకు?"

"‘యామ్’ పెద్దమనిషి గనక."

"‘డ్రింక్’ కాదా పెద్దమనిషి?"

"తాగేవాళ్ళకి ఈ ఊళ్ళో అంత మర్యాద లేదు" అన్నాను.

హాలంతా గొల్లుమంది. అతనొక్కడే నవ్వకుండా ఆ మాట శ్రద్ధగా రాసుకున్నాడు. చెవి మీది పెన్సిల్ని ఉలితో చెక్కుతాడు లాగుంది, మొన మేకులా ఉంటుంది.

మీ ఆయన క్లారీని అడిగానని చెప్పు.

నీ అక్క
ఎల్వీనా


కల్గూర్లీ, పశ్చిమ ఆస్ట్రేలియా
మార్చి

అక్కా,

నీ ఉత్తరం మా ఆయనకి చదివి వినిపించాను. ఇటాలియన్లకి ఒక ముక్క, పోలండ్ ఆవిడకి ఒక ముక్క, మిగతా ఉత్తరమంతా వడ్రంగే. "ఆ చెవి మీద పెన్సిల్ దాకా చూసిందంటే మీ అక్క చాలా దగ్గర్నించే చూసింది" అన్నాడు క్లారీ. ఆ మాట నేను అనలేదు, అతను అన్నాడు. నేను ఉత్తినే రాస్తున్నాను.

పళ్ళు సొంతవేనా, కట్టుడు పళ్ళా? ఇది కూడా ఉత్తినే అడుగుతున్నాను.

నీ సూత్రం మా బారులో పనికిరాదు. ఇక్కడి గని పనివాళ్ళు క్రియకి ముందు పెట్టే మాట ఒకటే ఒకటి. నామవాచకానికి ముందూ అదే. ఒక్కోసారి నిక్షేపంలాంటి మాటని మధ్యకి చీల్చి ఆ సందులో దీన్ని దూరుస్తారు. అదేమిటో టీచరుకి ఉత్తరంలో రాయలేను. నువ్వు వచ్చినప్పుడు తలుపు దగ్గర నిలబెడతాను, నీకే వినపడుతుంది.

లయల్ బావ పోయి ఇన్నేళ్ళయినా నువ్వు ఏ మగవాడి గురించీ ఇంత రాయలేదు. బావ అంతటి నెమ్మదస్తుడు మళ్ళీ దొరకడనుకో. కానీ దొరికినవాణ్ణి చూడ్డంలో తప్పేముంది?

థోరా


కెల్ప్ బే
ఏప్రిల్

థోరా,

నీ ఎకసెక్కాలకి జవాబు తర్వాత. ఇక్కడ కొంప మునిగింది, ముంచింది నా పాఠం.

ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు పాత రేకుల షెడ్డు పీకేసి కొత్త భవనం కట్టిద్దామనుకున్నారు. వేన్‌స్ట్రాకి ఆ పని మీద ప్రాణం. ఊరంతా వచ్చి కూర్చునే భవనం ఒకటి తన చేత్తో కడితే, అప్పుడైనా తనని ‘ఆ డచ్చాయన’ అనడం మాని పేరు పెట్టి పిలుస్తారని ఆశ.

కమిటీ ముందు మాట్లాడాలి. నన్ను ఒక మాట అడిగితే ఏం పోయింది? అడగలేదు. టీచర్ని ఆశ్చర్యపరుద్దామనుకున్నాడట. నేను చెప్పిన సూత్రాలతోనే సొంతంగా వాక్యాలు తయారుచేసుకున్నాడు. ‘స్లో’కి ‘లీ’ తగిలిస్తే ‘స్లోలీ’, ‘నీట్’కి తగిలిస్తే ‘నీట్లీ’. తయారైన మాటని క్రియ ముందు పెట్టాలి. మరి ‘హార్డ్’కి తగిలిస్తే?

జుట్టు తడిపి దువ్వుకుని, పెళ్ళికొడుకులా కోటు వేసుకుని, అందరి ముందూ లేచి అన్నాడట: "ఐ హార్డ్లీ వర్క్."

ఒళ్ళు వంచి పనిచేస్తాను అని చెబుతున్నాననుకున్నాడు పాపం. వాళ్ళకి వినపడింది ‘నేను పనిచేయడమే అరుదు’ అని. ‘హార్డ్’ క్రియ వెనక ఉంటే కష్టజీవి. తోక తగిలించుకుని ముందుకొచ్చిందా, సోమరిపోతు.

అక్కడితో ఆగినా బాగుండు. "నా కొడుకులు కూడా హార్డ్లీ వర్క్. ఈ దేశం వచ్చినప్పటి నుంచీ మేము హార్డ్లీ వర్క్!" అన్నాడట గుండె మీద చెయ్యేసుకుని. కమిటీ నవ్వి నవ్వి కుర్చీల్లోంచి జారిపోయింది. మంచి సరదా మనిషి అనుకున్నారు. పని మాత్రం క్లైడ్ బరిడ్జ్‌కి ఇచ్చారు. మా కోళ్ళగూడు కట్టింది ఆ క్లైడే. అందులోకి వెళ్ళాలంటే ఇప్పటికీ మా కోళ్ళు జంకుతాయి.

ఈ సంగతంతా నాకు మాంసం కొట్లో తెలిసింది. ఆ సాయంత్రమే క్లాసు. అతను వెలిగిపోతూ వచ్చాడు. "టీచర్! నవ్వారు వాళ్ళు అందరూ. నచ్చాను నేను వాళ్ళకి చాలా!"

ఎలా చెప్పను? ఏదో ఒకటి చెబుతూ ఉండాలని ‘రియల్లీ’ పాఠం ఎత్తుకున్నాను. టీ పాత్ర పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాను. ‘ఐ రియల్లీ డోంట్ వాంట్ టీ’ అంటే నాకు నిజంగా వద్దు. పాత్ర వెనక్కి తీసుకుపోవచ్చు. అదే ‘ఐ డోంట్ రియల్లీ వాంట్ టీ’ అంటే నాకు నిజంగా కావాలనేం లేదు. ఇంకోసారి అడిగితే కప్పు చాపుతాను. ఒక్క మాట ఒక్క అడుగు జరిగితే తలుపు మూసుకోవడానికీ, ఓరగా తెరిచి ఉండడానికీ ఉన్నంత తేడా. అందరికంటే బాగా అర్థం చేసుకున్నది అతనే.

అందరూ వెళ్ళాక చెప్పేశాను.

"మీ సూత్రం తప్పా, టీచర్?"

"సూత్రం తప్పు కాదు. ఆ ఒక్క మాటా దొంగది. ముందే చెప్పి ఉండాల్సింది."

కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, గుడ్‌నైట్ కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. ప్రతి గురువారం టోపీ ఎత్తి మరీ చెప్పే మనిషి.

ఎల్వీనా


కల్గూర్లీ
ఏప్రిల్

అక్కా,

నవ్వినందుకు క్షమించు. బారులో ఉన్నవాళ్ళందరికీ చెప్పాను, వాళ్ళూ నవ్వారు. ఆ తర్వాత మూలన కూర్చునే యుగోస్లావ్ ముసలాయన నవ్వడం లేదని చూసి అందరం ఆపేశాం.

ఆ కమిటీలో సగం మంది నీ దగ్గర చదువుకున్నవాళ్ళే గదా? మరి ఇంట్లో కూర్చుని నాకు ఉత్తరాలు రాస్తావేం? వెళ్ళు. చాక్‌పీసు పట్టుకెళ్ళు.

థోరా


కెల్ప్ బే
మే

థోరా,

వెళ్ళాను. చాక్‌పీసు పట్టుకెళ్ళలేదు, అవసరం పడలేదు.

క్లబ్బు మీటింగుకి ఆడవాళ్ళు రావడం టీ కలపడానికే. నేను తిన్నగా బల్ల ముందుకెళ్ళి నిలబడ్డాను. ఛైర్మన్ డగ్లస్ పెన్నీకుక్, వాడు మూడో తరగతిలో కిటికీలోంచి దూకి పారిపోయేవాడు, గుర్తుందా? ఇప్పుడు పొట్ట వచ్చింది.

"టీచర్, ఇది క్లబ్బు మీటింగండీ..."

"డగ్లస్, లేచి నిలబడు. నోట్లో చూయింగ్ గమ్ తీసెయ్."

లేచాడు. గమ్ మింగేశాడు. ఎందుకు లేచాడో వాడికే తెలియదు. వాడితోపాటు మరో నలుగురు లేచారు.

"రెండు వాక్యాలు చెబుతాను, నా వెంట పలుకు. ‘ఐ వర్క్ హార్డ్.’"

"ఐ వర్క్ హార్డ్."

"‘ఐ హార్డ్లీ వర్క్.’"

"ఐ హార్డ్లీ వర్క్."

"ఈ రెండిట్లో నీకు సరిపోయేది ఏది?"

వెనక టీ కలుపుతున్న వాడి భార్య "రెండోది!" అని అరిచింది. ఇంక చూడు, గోల.

గోల తగ్గేదాకా ఆగాను. "వేన్‌స్ట్రా గారు అనాలనుకున్నది మొదటిదే. నేను నేర్పిన సూత్రం పట్టుకుని ఆయన రెండోది అన్నాడు. మీలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, రేపు హాలండు వెళ్ళి వాళ్ళ భాషలో నిలబడి పని అడగండి చూద్దాం. నేను నవ్వను" అన్నాను.

డగ్లస్ బూట్లు చూసుకున్నాడు. "పని ఇచ్చేశాం గదండీ, టీచర్" అని గొణిగాడు.

అప్పుడు లేచాడు క్లైడ్. మనిషి మంచివాడే, చేతులే చెప్పిన మాట వినవు. "నిజం చెప్పాలంటే ఆ పైకప్పు తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. గోడలు నేను లేపుతాను. కప్పూ కిటికీలూ ఆయన్ని చేయమనండి" అన్నాడు. అందరికీ ప్రాణం లేచొచ్చింది.

శనివారం వేన్‌స్ట్రా మా ఇంటికి వచ్చాడు, పొగబెట్టిన ఈల్ చేప కాగితంలో చుట్టుకుని. ఏదో అడిగాడు. ఏదో చెప్పాను. వెళ్ళిపోయాడు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. ఈ కవరు పోస్టు చేయమని అతనికే ఇస్తున్నాను, అటే వెళ్తాడు గనక.

ఎల్వీనా


కెల్ప్ బే
జూన్

గౌరవనీయులైన థోరా మేడమ్ గారికి,

నేను రాస్తున్నాను మీకు భయంగా. మీ చిరునామా నేను చూశాను మీ అక్కగారు పోస్టు చేయమన్న కవరు మీద. తెరవలేదు నేను. చదివాను బయట మాత్రమే.

నేను అడిగాను మీ అక్కగారిని పెళ్ళికి. ఈల్ చేప ఇచ్చిన తర్వాత అడిగాను, ముందు కాదు. ఆమె ఎర్రబడ్డారు బాగా. తర్వాత అన్నారు, ఆ మాట నేను రాస్తున్నాను ఉన్నది ఉన్నట్టు: ‘ఐ డోంట్ రియల్లీ వాంట్ టు మ్యారీ అగైన్.’

ఇప్పుడు నా కష్టం ఇది. ఆమె నేర్పారు మాకు స్వయంగా. ‘రియల్లీ’ ముందు ఉంటే, నిజంగా వద్దు. వెనక ఉంటే, నిజంగా కావాలనేం లేదు, కానీ అడగవచ్చు మళ్ళీ. ఆమె పెట్టారు వెనక. కానీ ఆమె మూశారు తలుపు గట్టిగా, ఇంటి తలుపు. మాట ఒకటి చెబుతోంది, తలుపు ఇంకొకటి.

టీచర్ చేస్తారా తప్పు? మీకు తెలుసు ఆమె చిన్నప్పటి నుంచి. కిందటిసారి నేను నమ్మాను సూత్రాన్ని, నవ్వారు ఊరంతా. ఈసారి నేను ఎక్కువగా భయపడుతున్నాను. (ఈ వాక్యంలో మాట సరిగ్గా కూర్చుంది, గమనించండి.)

మీ విధేయుడు
హార్మెన్ వేన్‌స్ట్రా


కల్గూర్లీ
జూన్

వేన్‌స్ట్రా గారూ,

మా అక్కకి ఆరేళ్ళప్పుడు క్రిస్మస్ తాతకి ఉత్తరం రాయమంటే, కిందటేడు ఆయన పంపిన కార్డులో తప్పులు దిద్ది తిరిగి పంపింది. ఆ కార్డు రాసిన మా నాన్న మళ్ళీ కార్డు జోలికి పోలేదు. అలాంటి మనిషి ఒక మాటని ఒకచోట పెట్టిందంటే అది అక్కడ ఉండాలనే పెట్టింది.

తలుపు సంగతంటారా, మా అక్క తలుపులన్నీ అలాగే వేస్తుంది. మళ్ళీ అడక్కండి. అలాగని దూరంగానూ పోకండి. కప్పు పని చూసుకోండి, గురువారాలు మానకండి. నేను రాసినట్టు ఆవిడతో అనకండి.

ఒకే ఒక్క ప్రశ్న. పళ్ళు సొంతవేనా?

థోరా


కెల్ప్ బే
జూలై

ఓసి దొంగమొహమా,

అంతా చెప్పేశాడు. అబద్ధం ఆడడం చేతకాదు ఆ మనిషికి. "రాశాను నేను మీ చెల్లెలికి. పళ్ళు సొంతవే అని చెప్పండి ఆమెకు" అన్నాడు, క్లాసు మధ్యలో, అందరి ముందూ. పోలండ్ ఆవిడ ఇప్పటికీ నన్ను చూసి ముసిముసిగా నవ్వుతోంది.

నీ మీద ఎంత కోపం వచ్చిందో! మర్నాడు పొద్దున్నే గొడుగు తీసుకుని అతని షెడ్డుకి బయల్దేరాను. దారి పొడుగునా వాక్యం వల్లె వేసుకున్నాను, ‘ఐ రియల్లీ డోంట్’, ‘ఐ రియల్లీ డోంట్’ అని. ఆ ఓరగా ఉన్న తలుపు మూసేసి రావాలి, అంతే. ఆ రోజు నోరు జారిందా, కావాలనే అన్నానా అని నువ్వు అడుగుతావు. నాకే తెలియదు, నన్ను అడక్కు.

నీకు ఒక సంగతి ఎన్నడూ చెప్పలేదు థోరా. లయల్ బావ నెమ్మదస్తుడని నువ్వు రాసినప్పుడల్లా ఊరుకున్నాను. ఊరికి అతను నెమ్మదస్తుడే. నీ పుట్టినరోజుకి బహుమతులు పంపేవాడు, పాటలు పాడేవాడు. ఇంట్లో అతనికి ఉన్నవి రెండే మాటలు. ‘యూ ఆల్వేస్...’, ‘యూ నెవర్...’ నువ్వు ఎప్పుడూ ఉప్పు ఎక్కువ వేస్తావు. నువ్వు ఎన్నడూ నా మాట వినవు. గొంతు పెంచేవాడు కాదు, చెయ్యెత్తేవాడు కాదు. ఆ మాట వాక్యంలో ముందొచ్చేది. అది వినపడగానే, నేను చేసిన తప్పేమిటో ఇంకా తెలియకుండానే, నా భుజాలు పైకి లేచేవి. అన్నేళ్ళూ అలా భుజాలు ఎత్తుకునే బతికాను. అతను పోయాక ఆ ఇంట్లో దొరికిన నిశ్శబ్దాన్ని ఎవరికీ ఇవ్వదలుచుకోలేదు. అదీ సంగతి.

షెడ్డు తలుపు తోశాను. క్లబ్బు కిటికీలకి వార్నీషు వేస్తున్నాడు. నాతోపాటు గాలీ దూరింది. నేలమీది రంపపు పొట్టంతా లేచి తడి వార్నీషు మీద అతుక్కుంది.

"టీచర్!" అని అరిచాడు. చాలా గట్టిగా అరిచాడు. "తెరుస్తారు మీరు తలుపు గాలి వచ్చినప్పుడే ఎప్పుడూ! మూయరు మీరు దాన్ని ఎన్నడూ!"

నా భుజాలు వాటంతటవే లేచాయి. లేచి, ఎదురుచూశాయి. దెబ్బ తగలాల్సిన చోట, వాక్యం మొదట్లో, ‘తెరుస్తారు’ ఉంది. నిజమే, తెరిచాను. తిరిగి తలుపు మూసేశాను. అదంతా అయిపోయాక, చర్చికి ఆలస్యంగా వచ్చినవాడిలా, చివర్న వచ్చింది ‘ఎప్పుడూ’. అప్పటికి దానికి చేయడానికి పనేమీ మిగల్లేదు.

నవ్వు ఆగలేదు థోరా. పలకల దొంతర మీద కూలబడి, కళ్ళనీళ్ళు కారేలా నవ్వాను.

అతను కుంచె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "మళ్ళీ తప్పా?" అన్నాడు. తర్వాత నా వంక తేరిపార చూశాడు. "లేచాయి మీ భుజాలు. ఎవరు అరిచేవారు మీ మీద?"

ఇరవయ్యేళ్ళు కాపురం చేసి కన్నతల్లికి చెప్పనిది, నీకు చెప్పనిది, ఆ పొట్టులో కూర్చుని అతనికి చెప్పాను. కుంచె ఎండి కర్రైపోయింది. అంతా విన్నాక అన్నాడు: "అరుస్తాను నేను కూడా. కోపం వస్తుంది నాకు తరచుగా. పోతుంది త్వరగా. చెప్పాలి నేను ఇది ఇప్పుడే, తర్వాత కాదు."

దాచకుండా చెప్పాడు. ఆ మాటకి నా భుజాలు కదల్లేదు.

"వేన్‌స్ట్రా గారూ, వచ్చే గురువారం నుంచి మీరు క్లాసుకి రావద్దు" అన్నాను.

మొహం పాలిపోయింది. "ఫెయిలయ్యానా నేను?"

"లేదు. మీరు నేర్చుకున్నది చాలు. ఇంకొక్క ముక్క కూడా నేర్పను. మీకు మాట ఎక్కడ పెట్టాలనిపిస్తే అక్కడ పెట్టుకోండి."

"మరి నా ప్రశ్న, ఈల్ చేప రోజు అడిగింది?"

"మళ్ళీ అడగండి."

అడిగాడు. వాక్యమంతా తలకిందులుగా ఉంది. అర్థమయింది. ఒప్పుకున్నాను. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని సాయంత్రం దాకా కిటికీలకి అతుక్కున్న పొట్టు గీకాం. పొరపాటున కూడా గీకుడులో సాయం చేశాననుకోకు, సగం పాడుచేశాను. రెండుసార్లు అరిచాడు.

పెళ్ళి సెప్టెంబరులో, కొత్త క్లబ్బు భవనంలోనే. డగ్లస్ అడక్కుండానే హాలు ఇచ్చాడు. బారు ఎవరికైనా అప్పజెప్పి క్లారీని తీసుకుని రా. పళ్ళు నువ్వే వచ్చి చూసుకో. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో. ఇక్కడికొచ్చి అతని ఇంగ్లీషులో ఒక్క మాటని పట్టుకుని సరైన చోట కూర్చోబెట్టావో, ఆ పూటే నిన్ను పడవెక్కించి వెనక్కి పంపేస్తాను.

నీ అక్క
ఎల్వీనా